అలంపురం గుళ్లు: ఏ గోడకు ఏ వేళ ఎండ

అలంపురం పోయేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "ఎక్కడ నిలబడి తీస్తే ఫొటో బాగొస్తుంది?" తుంగభద్ర ఒడ్డున ఉన్న ఆ ఆవరణలో నిలబడే జాగాలు వెతకడం పెద్ద పనేమీ కాదు, ఒక్క చుట్టు తిరిగితే అన్నీ కనబడతాయి. చిక్కంతా వేళతోనే. పొద్దున తొమ్మిదిన్నరకు ప్రాణం పోసుకున్నట్టుండే శిల్పం మధ్యాహ్నం రెండుకు చదునైన బండలా కనిపిస్తుంది. ఫిబ్రవరి చివర్లో మెరిసిన దక్షిణపు గోడ మీద జూన్‌లో రోజంతా ఎండే పడదు. అందుకే ఈ పోస్టులో జాగాల కన్నా ఎక్కువగా ఎండ గురించే ఉంటుంది.

ముందు ఊరి సంగతి కొంచెం. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లాలోకి వచ్చిన ఊరు ఇది. హైదరాబాద్–బెంగళూరు హైవే మీద అలంపురం చౌరస్తా దగ్గర లోపలికి తిరగాలి. కర్నూలు నుంచైతే బస్సులో గంటలోపే. ఇక్కడి నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యులు ఏడో శతాబ్దంలో మొదలుపెట్టి కట్టించినవి: తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. పేర్ల చివర బ్రహ్మ అని ఉన్నా అన్నీ శివాలయాలే. తారక బ్రహ్మకు తప్ప మిగతా వాటికి ఉత్తరాది పద్ధతి శిఖరాలు, అంటే కింది నుంచి పై దాకా వంపు తిరుగుతూ లేచే రేఖలు. ఫొటో తీసేవాళ్లకు ఈ నిలువు రేఖల సంగతి చాలా ముఖ్యం, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

గుళ్లు తూర్పు ముఖంగా ఉంటాయి. తూర్పునే నది. తుంగభద్ర ఇక్కడ ఉత్తరం వైపు పారుతుంది కాబట్టి ఉత్తరవాహిని అంటారు. శ్రీశైలం జలాశయం వచ్చాక, వెనక నీళ్లు ఊరి మీదికి రాకుండా నదికీ గుళ్లకూ నడుమ ఎత్తైన గోడ కట్టారు. పాత ఫొటోల్లో కనిపించే, నీళ్ల అంచున గుడి నిలబడ్డ దృశ్యం ఇప్పుడు దొరకదు. దాని కోసం గంటలు తిరగొద్దు.

ఆ గోడ వల్ల ఇంకో సంగతి కూడా ఉంది. పొద్దు పొడిచిన వెంటనే గుడి మొత్తానికి ఎండ పడదు. ముందు శిఖరం మీది ఆమలకానికి, అంటే ఉసిరికాయ ఆకారపు రాతి చక్రానికి పడుతుంది. అక్కణ్నుంచి మెల్లగా కిందికి దిగుతుంది. పొద్దు గంటకు 13, 14 డిగ్రీలు పైకి ఎక్కుతుంది. అంటే 10 డిగ్రీల ఎత్తుకు రావడానికి ముప్పావు గంట. ఈ ముప్పావు గంటలో శిఖరం ఎర్రగా, కింది గోడలు నీలం నీడలో ఉంటాయి. శిఖరాన్ని ఒక్కదాన్నే 70–200 లెన్స్‌తో దగ్గరికి లాక్కుని తీయడానికి ఇదే వేళ. గుడి మొత్తం కావాలంటే ఎండ అధిష్ఠానం, అంటే గుడి కింది రాతి అరుగు, దాకా దిగేవరకు ఆగాలి. ఆ నడిమి వేళలో వైడ్‌లో తీస్తే సగం గుడి మాడిపోయి సగం మసకగా వస్తుంది. తలుపులు ఎన్నింటికి తీస్తారో ముందురోజే కనుక్కోండి, వేళలు పండగలను బట్టి మారుతుంటాయి.

పొద్దు పొడిచే సమయాలు లెక్క కడితే ఇట్లా వస్తాయి: డిసెంబరు 21న ఉదయం 6:40 ప్రాంతంలో, జూన్ 21న 5:47 ప్రాంతంలో. మార్చి 21న 6:20, సెప్టెంబరు 23న 6:06 అటుఇటుగా. మన గడియారం నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన, అలంపురం ఉన్నది 78.1 దగ్గర. అందుకని ఇక్కడ నడిమధ్యాహ్నం సగటున 12:17కు వస్తుంది. ఫిబ్రవరిలో 12:30 దాటుతుంది, నవంబరు మొదట్లో 12 గంటలకే అవుతుంది. "పన్నెండు దాకా ఎండ తూర్పు వైపే కదా" అనుకుంటే ఫిబ్రవరిలో అరగంట కలిసొస్తుంది, నవంబరులో అదేమీ ఉండదు.

ఇప్పుడు గోడలు. తొమ్మిది గుళ్లకు నాలుగేసి వైపులు, మొత్తం 36. ప్రతి గుడినీ విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు, దిక్కును బట్టి గుంపులు చేసుకుంటే చాలు.

దక్షిణపు గోడతో మొదలుపెడతాను, ఎక్కువమంది పొరబడేది దీని దగ్గరే కాబట్టి. చలికాలంలో పొద్దు దక్షిణంగా వాలి ఉంటుంది, కాబట్టి దక్షిణపు గోడలకు డిసెంబరే మంచిదని అనుకుంటారు. ఎండైతే ఆ నెలలో రోజంతా ఉంటుంది, అది నిజమే. కానీ చెక్కడానికి లోతు కనిపించాలంటే ఎండ గోడకు ఎదురుగా తగలకూడదు, గోడను రాసుకుంటూ పోవాలి. డిసెంబరు మూడో వారంలో ఉదయం 8 గంటలకే ఎండ దక్షిణపు గోడకు 30 డిగ్రీల కోణంలో తగులుతుంది, 11కు అది 38 అవుతుంది. రంగు బాగుంటుంది, శిల్పం మాత్రం పలచబడుతుంది. అదే ఫిబ్రవరి మూడో వారంలోనో, అక్టోబరు మూడో వారంలోనో చూడండి: పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఆ కోణం సుమారు 17 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంటుంది. మార్చి 21 నాటికి తొమ్మిది దాటాక కూడా 11, 12 డిగ్రీలే. నగల గీతలు, చీర కుచ్చిళ్లు, వేళ్ల మధ్య సందులు అప్పుడు తేలతాయి. రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే అక్టోబరు మూడో వారమే అంటాను. వానలు వెనకబట్టి గాలి కడిగినట్టుంటుంది, గడ్డి పచ్చగా ఉంటుంది, బండలు కాళ్లను కాల్చవు.

ఉత్తరపు గోడ లెక్క దీనికి తలకిందులు. సెప్టెంబరు 23 నుంచి మార్చి 20 దాకా దాని మీద నేరుగా ఎండ పడదు. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా రోజంతా పడుతుంది, ఎందుకంటే ఆ మూడు నెలలు పొద్దు అలంపురం నడినెత్తిని దాటి ఉత్తరంగా ఉంటుంది. అదే మూడు నెలలు దక్షిణపు గోడకు నేరు ఎండ ఒక్క గంట కూడా ఉండదు. మార్చి 21 నుంచి మే మొదటి వారం దాకా, మళ్లీ ఆగస్టు రెండో వారం నుంచి సెప్టెంబరు 22 దాకా మధ్యస్థంగా ఉంటుంది: ఉత్తరపు గోడకు తెల్లవారగానే కొంతసేపు, పొద్దుగూకే ముందు కొంతసేపు, నడుమ అంతా దక్షిణపు గోడకు. జూన్‌లో ఉత్తరపు గోడను ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర వరకు తీస్తే ఎండ కోణం 16 డిగ్రీల నుంచి 11కు తగ్గుతూ పోతుంది. శిల్పానికి అంతకన్నా మంచి వెలుతురు దొరకదు. ఎండకు భయపడి వేసవిలో అలంపురం మానుకునేవాళ్లు ఉత్తరపు గోడల మీది శిల్పాలను ఎప్పటికీ నీడలోనే చూస్తారు.

నీడలో ఉన్న గోడను తీయడం తప్పనుకోకండి. తెల్లటి మబ్బు పట్టిన రోజున ఉత్తరపు గోడ మెత్తగా, నిండుగా వస్తుంది, శాసనాలు తప్ప. లోతు తక్కువగా చెక్కిన అక్షరాలు మబ్బు వెలుతురులో అసలు కనబడవు. వాటికి రాసుకుంటూ పోయే ఎండే కావాలి. స్నేహితుడి చేత ఫోను టార్చిని గోడకు ఆనించినంత దగ్గరగా, ఓ పక్క నుంచి పట్టించినా పని జరుగుతుంది. అక్షరాలు తేలాలని సుద్ద రాయడం, నీళ్లు చల్లడం చేయకండి. రంగు ముదురుతుందని శిల్పాల మీద సీసాలతో నీళ్లు పోసేవాళ్లు కనిపిస్తుంటారు. ఆ తడి రాతిలోకి దిగి, ఆరేటప్పుడు ఉప్పును పైకి లాక్కొస్తుంది. పొరలు పొరలుగా రాయి ఊడేది దానివల్లే.

ముందు వైపు, అంటే తూర్పు ముఖం, పొద్దు పొడిచాక ముప్పావు గంట నుంచి గంటన్నర లోపు తీయాలి. ఆ తర్వాత ఎండ పైనుంచి దిగి, ముందు మండపం చూరు నీడ ద్వారం మీద పడుతుంది. వెనక గోడలకు మధ్యాహ్నం మూడున్నర నుంచి. చలికాలంలో 5:50కే పొద్దు కుంకుతుంది కాబట్టి వెనక గోడలకు దొరికేది రెండు గంటలే. జూన్‌లో 6:50 దాకా ఉంటుంది.

స్వర్గ బ్రహ్మ ఆలయానికి కాస్త ఎక్కువ సమయం ఇవ్వండి. వినయాదిత్యుని కాలం (681–696) నాటిది, మూలల్లో దిక్పాలకులున్నారు. మూల శిల్పాన్ని ఎదురుగా తీస్తే వట్టి బొమ్మ. 45 డిగ్రీల పక్కకు జరిగి, ఎండ ఎక్కువగా పడిన గోడా, ఎండ రాసుకుంటూ పోయే గోడా రెండూ ఫ్రేములోకి వచ్చేలా తీస్తే గుడి మందం కూడా తెలుస్తుంది. పొద్దున తొమ్మిది ప్రాంతంలో ఆగ్నేయ మూల, సాయంత్రం నాలుగున్నరకు నైరుతి మూల, అక్టోబరు నుంచి మార్చి దాకా ఎప్పుడైనా పనికొస్తాయి. విశ్వ బ్రహ్మ గోడల మీద చెక్కడం దట్టంగా ఉంటుంది. అక్కడ వైడ్ లెన్స్ సంచిలో పెట్టేసి 50 నుంచి 85 మి.మీ. వాడండి. ఒక్కో గూటిని ఒక్కో ఫొటోగా తీసుకోవడం మేలు. కెమెరా ఎత్తు శిల్పం నడుముకు సమానంగా ఉండాలి. కింది నుంచి ఎత్తి పట్టుకుంటే తల చిన్నదై కాళ్లు లావవుతాయి. ఎపర్చర్ ఎఫ్ 8, ఐఎస్ఓ 100 లేదా 200, ఫోకస్ ముఖం మీద. గూటి లోపలి నీడ బాగా ముదిరితే ఓ తెల్ల పంచెనో థర్మోకోల్ అట్టనో ఎండలో నిలబెట్టి ఆ వెలుతురును లోపలికి తిప్పండి. మీటరున్నర దూరం నుంచి పడితే చాలు, ఇంకా దగ్గరికి తెస్తే నీడ పూర్తిగా చచ్చి గూడు లోతు పోతుంది.

శిఖరం వెనక్కి పడిపోతున్నట్టు రావడం అన్నింటికన్నా ఎక్కువ కనిపించే తప్పు. దగ్గరగా నిలబడి కెమెరాను పైకి ఎత్తడం వల్ల నిలువు గీతలు పైన ఒకదానికొకటి దగ్గరవుతాయి. నిలువు రేఖలే ఈ శిఖరాల అందం కాబట్టి ఇక్కడ ఆ తప్పు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కెమెరాను ఎటూ వంచకుండా సమంగా పట్టుకుని, అవసరమైనంత వెనక్కి పోవడమే మందు. ఎంత వెనక్కి అనేదానికి లెక్క ఉంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 24 మి.మీ. లెన్స్ పెట్టి నిలువుగా పట్టుకుంటే, గుడి ఎత్తులోంచి మీ కంటి ఎత్తు తీసేసి, మిగిలినదాన్ని 1.33తో హెచ్చించండి. 12 మీటర్ల గుడి అనుకుంటే, కంటి ఎత్తు ఒకటిన్నర పోను 10.5 మీటర్లు, అంటే 14 మీటర్ల దూరం. ఫోను మామూలు లెన్స్‌కైతే ఒకటిన్నరతో హెచ్చించాలి, దాదాపు 16 మీటర్లు. అడుగు పెద్దగా వేస్తే మీటరు కింద లెక్క. కింద నేల ఎక్కువగా వస్తుంది, దాన్ని తర్వాత కత్తిరించుకోండి. వెనక్కి పోవడానికి జాగా లేని చోట (గుడికీ గుడికీ నడుమ అలాంటివి చాలా ఉన్నాయి) మొత్తం గుడిని ఇరికించాలని చూడొద్దు. సగమే తీయండి. ఫోనులో 0.5 నొక్కి గుడినంతా కుక్కితే అంచుల్లో ఉన్న శిల్పాలు సాగిపోతాయి, మళ్లీ సరిచేయలేరు.

బోర్డులు, ఇనుప కంచెలు, కరెంటు తీగలు ఎలాగూ అడ్డొస్తాయి. ఒక గుడి మండపం స్తంభాల నడుమ నుంచి ఇంకో గుడిని చూస్తే చాలావరకు దాచేయొచ్చు. ఎదుటి గుడి మీది ఎండకు ఎక్స్‌పోజర్ పెట్టి స్తంభాలను నల్లబడనివ్వండి. మోకాళ్ల మీద కూర్చుని తీస్తే అధిష్ఠానం అంచు కంచెను కప్పేస్తుంది. కంచెల దగ్గర ఇంకో మాట: ఫోను దిక్సూచిని ఇనుముకు దగ్గరగా పట్టుకుంటే తప్పు చూపిస్తుంది. నాలుగు అడుగులు జరిగి చూసుకోండి. పైన చెప్పిన కోణాలన్నీ గోడ కచ్చితంగా తూర్పు పడమరలుగా ఉందనుకుని కట్టినవి. గుడి ఐదారు డిగ్రీలు పక్కకు తిరిగి ఉంటే మంచి వేళ కొంత అటూ ఇటూ మారుతుంది. నది వైపు గోడ మీదికి ఎక్కి చూసినా, మ్యాపులో ఉపగ్రహ చిత్రం చూసినా ఆ తేడా తెలిసిపోతుంది.

లోపలి భాగాలకు వేరే ఓపిక కావాలి. ఈ గుళ్లలో గర్భగుడి చుట్టూ చీకటి ప్రదక్షిణాపథం, దానికి రాతి జాలీ కిటికీలు ఉంటాయి. వెలుతురు వాటిలోంచి ముక్కలు ముక్కలుగా నేల మీద పడుతుంది. బయటి ఎండకూ లోపలి చీకటికీ తేడా ఆరేడు స్టాపులు ఉంటుంది (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు), ఒక్క ఫొటోలో రెండూ రావు. ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి ఉండాలి, మామూలుగా పోయినవాళ్లను పెట్టనివ్వరు. కాబట్టి చేత్తోనే మూడు తీయండి: సరైన ఎక్స్‌పోజర్‌కు రెండు స్టాపులు తక్కువ, సరైనది, రెండు స్టాపులు ఎక్కువ. కెమెరాలో బ్రాకెటింగ్ అంటే ఇదే. ఐఎస్ఓ 1600, ఎఫ్ 4, షట్టర్ 1/30 దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. కదలకుండా ఉండాలంటే నేల మీద సంచి పెట్టి దాని మీద కెమెరాను ఆనించడం అన్నింటికన్నా మంచిది. చెక్కిన స్తంభాలకు వీపు ఆనించొద్దు. రా ఫైలులో తీస్తే కిటికీ రంధ్రాల అంచుల్లోని తెలుపు కొంత వెనక్కి వస్తుంది, జేపీఈజీలో రాదు. ఫోనులోనైతే ప్రకాశవంతంగా ఉన్న చోట వేలితో నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగండి. రాత్రి మోడ్ జోలికి పోకండి, అది నీడలన్నిటినీ లేపి చీకటి గుడిని ట్యూబులైటు వేసిన గదిలా చేస్తుంది.

మార్చి 21, సెప్టెంబరు 23 తేదీలకు ముందూ వెనకా వారం రోజులు పొద్దు దాదాపు కచ్చితంగా తూర్పున పొడుస్తుంది. తూర్పు ద్వారాల గుండా ఎండ లోపలికి బారుగా పోతుంది. రెండు మీటర్ల ఎత్తున్న ద్వారమైతే, పొద్దు 10 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు నేల మీది వెలుతురు 11 మీటర్లు లోపలికి వెళ్తుంది. 20 డిగ్రీలకు ఐదున్నర మీటర్లకు తగ్గుతుంది. ఈ రెంటి నడుమ ముప్పావు గంట కూడా ఉండదు. ఒక గుడిలో ఈ దృశ్యం పట్టుకోవాలనుకుంటే ఆ పొద్దున మిగతా గుళ్లను వదులుకోవాల్సిందే. మండపం ముందు చెట్టో ఇంకో కట్టడమో అడ్డం ఉంటే ఈ లెక్క అంతా పోతుంది, ముందురోజే నిలబడి చూసుకోండి.

రంగు గురించి ఒక్క మాట. ఎరుపూ గోధుమా కలిసిన రాయి ఇది. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంచితే కెమెరా ఆ ఎరుపును తప్పనుకుని తగ్గించేస్తుంది, సాయంత్రం మరీను. డేలైట్‌లో పెట్టి వదిలేయండి, 5200 నుంచి 5500 కెల్విన్. నీలి ఆకాశం కోసం పోలరైజర్ (లెన్స్ ముందు తగిలించే ఫిల్టర్) వాడేవాళ్లు పొద్దున ఉత్తరానికో దక్షిణానికో తిరిగి తీయాలి, పొద్దుకు లంబంగా ఉన్న ఆకాశం మీదే అది పని చేస్తుంది. 24 మి.మీ. కన్నా వైడ్‌లో పెడితే ఆకాశం ఒక పక్క ముదురు, ఒక పక్క లేత అవుతుంది.

బాల బ్రహ్మ ఆలయంలో నిత్యపూజ జరుగుతుంది. పక్కనే జోగులాంబ అమ్మవారి గుడి, పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఐదోది. పాత గుడి బహమనీల దాడిలో పోగా, 2005లో ఇప్పటి గుడి కట్టి ప్రతిష్ఠించారు. ఈ రెండు చోట్లా లోపల కెమెరా, ఫోను బయటికి తీయకండి. బయటి గోడలు తీసేటప్పుడు కూడా ముందే "అయ్యగారూ, లోపల తీయను, బయటివే తీసుకుంట" అని ఒక మాట చెబితే ఎవరూ ఏమీ అనరు. అడగకుండా లెన్స్ ఎత్తితేనే గొడవ. కాపలా ఉండే అన్నలతోనూ అంతే. "అన్నా, ట్రైపాడ్ లేదు, చేత్తోనే తీస్త" అంటే ఏ గుడి తలుపు ఎప్పుడు తీస్తారో వాళ్లే చెబుతారు. శివరాత్రికి, వసంత పంచమి ముందరి బ్రహ్మోత్సవాలకు జనం విపరీతంగా వస్తారు. మనుషుల ఫొటోలు కావాలంటే అప్పుడే పోవాలి, శిల్పాల కోసమైతే ఆ రోజులు మానుకోవాలి. ఘాటు మెట్ల మీద పొద్దుటి నది బాగుంటుంది గానీ, స్నానాలు చేసే ఆడవాళ్ల వైపు లెన్స్ తిప్పొద్దు. నది వైపు ముఖం పెట్టి నీళ్లు, తెప్పలు, ఆకాశం తీసుకోండి, అంతే. గుళ్లను ఆనుకుని షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. అక్కడా తల కప్పుకుని, అడిగి తీయడమే మర్యాద.

డ్రోన్ సంగతి అడగనే వద్దు. రక్షిత కట్టడం, అనుమతి లేకుండా ఎగరేస్తే కేసు అవుతుంది. పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునేవాళ్లకూ విడిగా అనుమతి కావాలి. పొగ బాంబులు, రంగుల పొడులు తెచ్చేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. రాతి సందుల్లో చేరిన ఆ రంగు ఎన్ని వానలకు పోవాలి?

పదకొండు నుంచి మూడు వరకు మ్యూజియంలో గడపండి. చూడడానికి చాలా ఉంది, నల్లరాతి మహిషాసురమర్దిని, నటరాజు ముఖ్యంగా. ఫొటోలకు ఒప్పుకుంటారో లేదో టికెట్ దగ్గరే అడగండి. ఎండలో చెప్పుల్లేకుండా నడవాలి కాబట్టి మందపాటి కాటన్ సాక్సులు ఒక జత సంచిలో ఉండాలి. నైలాన్‌వి బండ వేడికి పనికిరావు. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, వానాకాలంలో మరీ ఎక్కువ. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది. ఊరు రావడానికి ఇరవై నిమిషాల ముందే ఏసీ ఆపి, కెమెరా సంచి జిప్పు కొద్దిగా తీసి పెట్టండి.

మూడు దాటాక పాపనాశి. ఊరికి నైరుతిగా, ఆటోలో పది నిమిషాల లోపే. ఇరవైకి పైగా చిన్న గుళ్లు, నవబ్రహ్మల తర్వాతి కాలానివి, తొమ్మిదో శతాబ్దం నుంచి. శ్రీశైలం ముంపులో పోకుండా విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. వీటి పైకప్పులు మెట్లు మెట్లుగా పేర్చిన పిరమిడ్లలా ఉంటాయి. నవబ్రహ్మ శిఖరాల మీద నిలువు రేఖలు కాబట్టి వాటికి పక్క నుంచి ఎండ కావాలి, ఇక్కడ అడ్డ రేఖలు. పైనుంచి దిగే ఎండలో ఒక్కో మెట్టు కింద ఒక్కో నీడ గీత పడి వరసలన్నీ విడివిడిగా కనబడతాయి. కాబట్టి మిగతా చోట్ల పనికిరాని మూడు, మూడున్నర గంటల ఎండ ఇక్కడ బాగా పనికొస్తుంది. పొద్దు వాలిన కొద్దీ ఆ గీతలు కరిగిపోతాయి. అప్పుడు గుళ్ల గుంపుకు తూర్పు వైపు పోయి, ఆకాశానికి ఎక్స్‌పోజర్ పెట్టి, పైకప్పుల అంచులను నల్లగా తీయండి. రెండు గుళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కలిసిపోతే ఆకారం తెలియదు, నడుమ ఆకాశం సన్నగానైనా కనిపించేదాకా పక్కకు జరగండి. పొద్దు డిసెంబరులో పడమరకు 24 డిగ్రీలు దక్షిణంగా, జూన్‌లో అంతే ఉత్తరంగా కుంకుతుంది, మీరు నిలబడే జాగా కూడా దాన్ని బట్టి మారుతుంది. గడ్డిలో పల్లేరు కాయలుంటాయి, గుళ్ల నడుమ తిరిగేటప్పుడు కాళ్లు చూసుకోండి.

దారిలోనే కూడవెల్లి సంగమేశ్వరాలయం. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట కూడవెల్లిలో ఉండేది, అదీ ముంపు వల్లే ఇక్కడికి వచ్చింది. చుట్టూ ఉన్న ప్రాకారం బయటి వైపు కూడా శిల్పాలున్నాయి. చాలామంది నేరుగా లోపలికి పోయి వాటిని చూడకుండానే తిరిగి వస్తారు. ప్రాకారానికీ దిక్కుల లెక్క అదే, కాకపోతే ఎదురుగా ఖాళీ జాగా ఉంది కాబట్టి లాంగ్ లెన్స్‌తో దూరం నుంచి నిటారుగా తీయొచ్చు. వేసవిలో నీళ్లు తగ్గాక బయటపడే సంగమేశ్వరం గుడి వేరు, అది నది అవతల ఆంధ్ర వైపు ఉంది. మ్యాపులో వెతికేటప్పుడు "కూడవెల్లి" అని కలిపి కొట్టండి, లేదంటే దారి అటు చూపిస్తుంది.